స్వరూప గొంతు మారిన కారణం

2007లో నేను దుబాయ్‌లో, కరామాలోని ఒక చిన్న క్లినిక్‌లో, స్త్రీల వైద్య విభాగంలో నర్సుగా పనిచేసేదాన్ని. మాది నెల్లూరు. మా డాక్టరమ్మ కేరళ ఆవిడ, తెలుగు రాదు. తెలుగువాళ్లు ఎవరొచ్చినా వాళ్ల మాట ఆవిడకీ, ఆవిడ మాట వాళ్లకీ చేర్చే పని నాదే.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో స్వరూప వచ్చింది. నిజామాబాద్ వైపు పల్లె. ముప్పై దాటి ఉంటాయి. భర్త మల్లేశం ఒక బిల్డింగ్ కంపెనీలో ఫోర్‌మన్. ఎనిమిదేళ్ల కూతురితో కలిసి ముగ్గురూ దగ్గర్లోనే ఒక ఫ్లాట్‌లో గది తీసుకుని ఉండేవారు. కుర్చీలో కూర్చున్నాక కూడా ఆమె ముఖం మీది కొంగు తీయలేదు.

"సిస్టర్, నా గొంతు ఇనుండ్రి. మొగోని లెక్క అయింది," అంది. నిజమే, గొంతు బొంగురుగా, బరువుగా ఉంది. "నెలసరి బందై శానా దినాలైంది. గడ్డానికి ఎంటికెలు మొలుస్తున్నయ్. పొద్దుగాల లేచి దారంతోని గుంజుకుంటున్న. మొన్న మా పోరి సూసి, అమ్మా నీకు మీసమొస్తుందా అనడిగింది."

అక్కడికి వచ్చేసరికి ఏడ్చేసింది.

రక్తపరీక్ష చేయించాం. టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ మగవాళ్లలో ఎక్కువగా, ఆడవాళ్లలో చాలా కొద్దిగా ఉంటుంది. స్వరూప రక్తంలో అది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. అలా ఉంటే అండాశయంలోనో, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనో గడ్డ ఉందేమోనని అనుమానించాలి. స్కాన్లు తీశారు, ఏమీ కనబడలేదు. అయినా మాకు ధైర్యం రాలేదు. అండాశయంలో గడ్డ మరీ చిన్నదైతే స్కాన్‌కి దొరక్కపోవచ్చు.

"మాత్రలు, ఇంజెక్షన్లు, క్రీములు ఏమైనా వాడుతున్నావా?" అని డాక్టరమ్మ నాచేత అడిగించింది.

"పసుపు తప్ప ఏం పూసుకోను సిస్టర్."

పక్కనే నిలబడ్డ మల్లేశం నేలకేసి చూస్తున్నాడు. భార్యకి ఏమవుతుందోనన్న దిగులనుకున్నాం.

చివరికి లాప్రోస్కోపీ చేయాలని సర్జన్ తేల్చాడు. అంటే పొట్టకి చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో లోపల చూడడం. అవసరమైతే అండాశయాలు రెండూ తీసేయాల్సి రావచ్చు. తీసేస్తే ఏమవుతుందో ముందే చెప్పాలి కాబట్టి డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఈ వయసుకే నెలసరి పూర్తిగా ఆగిపోతుంది, ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. అందుకని ఈస్ట్రోజన్, దానికి తోడుగా ఇంకో హార్మోన్, కొన్నేళ్లపాటు వాడాలి. వాటివల్ల ఆవిర్లు తగ్గుతాయి, ఎముకలు గట్టిగా ఉంటాయి. అయితే కొందరికి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, రొమ్ముల పరీక్ష కూడా మానకుండా చేయించుకోవాలి. ఇదంతా తెలుగులో చెబుతూ ఉంటే హార్మోన్ అనే మాట నా నోట పదేపదే వచ్చింది.

స్వరూపని బరువు చూసే చోట కూర్చోబెట్టి బయటికి వచ్చాను. మల్లేశం వెనకే వచ్చాడు.

"సిస్టర్, ఒక్క ముచ్చట. హార్మోన్ అంటే గోలీలేనా? పెయికి రాసుకునేది గూడ ఉంటదా?"

"ఉంటుందన్నా. ఎందుకు?"

అతను గోడవైపు తిరిగి మాట్లాడాడు. రాస్ అల్ ఖైమాలో పనిచేసినప్పుడు పరంజా మీదనుంచి పడి తలకి దెబ్బ తగిలిందట. గాయం మానింది గాని ఒంట్లోకి బలం రాలేదు. కూర్చున్నచోటే నిద్ర, దేనిమీదా మనసు లేదు, భార్య దగ్గరికి పోవాలంటే భయం. ఇంకో ఆసుపత్రిలో చూసి, మెదడు కింద ఉండే పిట్యుటరీ అనే చిన్న గ్రంథి దెబ్బతిన్నదని చెప్పి, ఒంటికి రాసుకునే జెల్ ఇచ్చారు.

"పోయిన చలికాలంల మొదలువెట్టిన. అది రాసుకున్నంకనే మనిషినైన సిస్టర్. డ్యూటీల నిలబడ్డ. గని ఇంట్ల చెప్పలే. గసొంటి మాట పెండ్లానికి ఎట్ల చెప్తరు? తాకత్ మందు అనుకున్న. ఆ డాక్టర్ గూడ హార్మోన్ అన్నడని ఇప్పుడు మీ నోట ఇన్నంకనే యాదికొచ్చింది."

"ఎప్పుడు రాసుకుంటారు?"

"సైట్‌కెల్లి వచ్చి, తానం జేసి, భుజాలకు పూసుకుంట. తిని పంటం." భుజం తడుముకున్నాడు. "స్వరూప నా భుజం మీదనే తల పెట్టుకొని పంటది."

ఆ మాట అన్నాక అతనికే అర్థమైంది. "మా పోరి గూడ నా మీదెక్కి ఆడుతది సిస్టర్!"

"లోపల అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నా?"

"ఆమె ఏం వాడుతదని అడిగిండ్రు. నన్నెవరడగలే."

చెయ్యి పట్టి లాగినంత పని చేసి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అంతా విని, కళ్లద్దాలు తీసి, వెంటనే సర్జన్‌కి ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించింది. ఆ జెల్‌లో ఉండేది టెస్టోస్టిరానే, ఆరకముందే తగిలినా, కడుక్కోని చర్మం తగిలినా అవతలివాళ్ల ఒంట్లోకి ఎక్కుతుంది. ముందు ఆ దారి మూసి, మళ్లీ పరీక్ష చేద్దామంది.

భార్యకి సంగతి మల్లేశమే చెప్పాలని పట్టుబట్టింది. చెప్పాడు.

"లోపట గడ్డ ఉన్నదని నేను సచ్చి బతికిన," అంది స్వరూప. "నాకొక్కదానికన్న చెప్తే ఏమాయె? నవ్వుదుననుకున్నవా?" అతన్ని అలాగే చూసి చూసి, ఉన్నట్టుండి, "నీ మీసం దెచ్చి నాకు పెట్టినవ్ గదనయ్యా!" అని నవ్వేసింది. ఏమందని డాక్టరమ్మ అడుగుతోంది. నవ్వాపుకుని చెప్పడం నావల్ల కాలేదు.

పాపకి పరీక్ష చేస్తే ఏ తేడా లేదు. ఆ కబురు విని మల్లేశం మెట్లమీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. అతని మందు పూర్తిగా ఆపడానికి లేదు, ఆపితే మళ్లీ మొదటికొస్తాడు. అందుకని అతని డాక్టరు జెల్ బదులు ఇంజెక్షన్ పెట్టాడు. దాంతో రక్తం చిక్కబడవచ్చు, కాబట్టి అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకోవాలి, ప్రోస్టేట్ గ్రంథి చూపించుకోవాలి. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ మందు వీర్యకణాలను తగ్గిస్తుంది. ఈసారి ఈ మాటలన్నీ స్వరూప కూడా పక్కనే కూర్చుని వింది. ఆ ఇంజెక్షన్ తేదీలు అతనికంటే ఆమెకే బాగా గుర్తుండేవి.

స్వరూప రక్తంలో టెస్టోస్టిరాన్ దిగిపోయింది. ఒకరోజు జనంతో నిండిన హాల్లోంచే, "సిస్టర్, వచ్చింది!" అని కేకేసింది. ఏమొచ్చిందో తెలిసింది నాకొక్కదానికే. గడ్డం మీది వెంట్రుకలు నెమ్మదిగా పలచబడ్డాయి. గొంతు మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు, కొద్దిగా జీర మిగిలింది. ఆ సంగతి అడిగితే, "ఫోన్ల మా చెల్లె ఇప్పటికీ నన్ను బావా అనే అంటది. అననీ సిస్టర్, కడుపు కోసుకునేది తప్పింది," అంది.

అప్పటినుంచి ఎవరొచ్చినా వాళ్లు వాడే మందులతోపాటు, ఇంట్లో మిగతావాళ్లు ఏం వాడుతున్నారో కూడా అడుగుతాను. భర్త ఉంటే పక్కకి పిలిచి విడిగా అడుగుతాను. చాలామంది ఏమీ లేదంటారు. అన్నాక కూడా కాసేపు అక్కడే నిలబడతాను. చెప్పుకోవడానికి సిగ్గుపడే మందు గురించి మగవాళ్లు అందరి ముందూ చెప్పరని, కాస్త ఆగితే వెనకే వచ్చి చెబుతారని మల్లేశం వల్ల తెలిసింది.