డబ్బా మీది పుర్రె బొమ్మ

1998లో నేను నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఫైనలియర్ పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లచేత ప్రాజెక్టులు చేయించే పని కూడా నాదే. ముందు సినాప్సిస్ ఇవ్వాలి. అంటే ఏ ప్రశ్న తీసుకున్నారో, దానికి జవాబు ఎలా వెతుకుతారో చెప్పే ఒక పేజీ. చాలామంది ఆ పేజీ దగ్గరే ఆగిపోయేవారు.

ఆ ఏడాది నాగమణి తెచ్చిన పేజీ చూసి నాకు భయం వేసింది. 'కల్తీ పురుగుమందుల వల్ల పత్తి రైతులకు జరుగుతున్న హాని' అని శీర్షిక. మొదటి వాక్యంలోనే జగ్గయ్యపేటలోని ఒక పురుగుమందుల కొట్టు పేరు. రెండు నెలల క్రితం ఆ కొట్లో కొన్న మందు కొడుతూ వాళ్ల నాన్న చేలోనే పడిపోయాడు. విజయవాడ ఆసుపత్రిలో బతికి బయటపడ్డాడు గానీ, కాళ్లలో సత్తువ తిరిగి రాలేదు.

కల్తీ అని ఎలా తెలుసని అడిగాను. డబ్బా ఎప్పుడో పారేశారట. ల్యాబ్‌లో పరీక్ష చేయించడానికి చుక్క మందు కూడా లేదు. అందుకని నాకు తోచింది చెప్పాను. మందు కొట్టేటప్పుడు రైతులు ఏ జాగ్రత్తలు తీసుకోవడం లేదో చూడు, ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నారా, చేతులు కడుక్కుంటున్నారా అడుగు, అన్నాను.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"అంటే మా నాన్నదే తప్పని రాయమంటున్నారా మేడం?"

నా చేతిలోని కాగితం లాక్కుని వెళ్లిపోయింది.

ఎలా పొక్కిందో గానీ, సంగతి కొట్టు యజమాని దాకా పోయింది. అతను కాలేజీకి వచ్చి, తన పేరు ఎక్కడైనా కనిపిస్తే కోర్టుకు వెళ్తానని ప్రిన్సిపాల్ గారితో చెప్పాడు. సోమవారానికి కొత్త టాపిక్ రాకపోతే ఆమె పేరు ప్రాజెక్టుల జాబితాలోంచి తీసేస్తానని ప్రిన్సిపాల్ గారు నాకు తేల్చి చెప్పారు. అప్పటికే నాగమణి కాలేజీకి రావడం మానేసింది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. నాగమణి గుమ్మం పక్కన తల దించుకుని నిలబడింది. మంచం మీదున్న వాళ్ల నాన్నను, ఏం అడగాలో తెలియక, ఆ మందే ఎందుకు కొన్నారని అడిగాను.

"డబ్బా మీద ఎర్ర గుర్తు, పుర్రె బొమ్మ ఉన్నయ్యండి. పుర్రె ఉంటే పురుగు ఖాయంగా చస్తదని అందరం అదే ఏరుకుని కొంటాం."

నాగమణి తలెత్తింది. "ఆ పుర్రె మనుషులకి నాన్నా. తాకితే మనకి ప్రమాదమని."



"పురుగుకనుకున్నానమ్మా" అన్నాడాయన.

నాగమణి లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. మూడు శీర్షికలు రాసి కొట్టేశాం. నాలుగోది నిలిచింది: 'పురుగుమందు డబ్బాల మీది గుర్తులను మందు కొట్టేవారు ఎలా అర్థం చేసుకుంటున్నారు?' ఒక్క ఊరు, ఆ ఊళ్లో మందు కొట్టేవాళ్లు, అంతే. కొట్టు పేరు వద్దన్నాను. కాసేపు తటపటాయించి ఒప్పుకుంది.

"కానీ ఆ గుర్తు గురించి మీకెవరన్నా చెప్పారా అనే ప్రశ్న మాత్రం తీసెయ్యనండి" అంది.

సోమవారం ప్రిన్సిపాల్ గారు ఆ పేజీని రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఊళ్లో చాలామంది ఆమెకు వాళ్ల నాన్న చెప్పిన మాటే చెప్పారు. అమ్మినవాళ్లెవరూ ఆ గుర్తు గురించి తమకు చెప్పలేదన్నారు. ఆ మందు కల్తీదో కాదో మాకు ఈనాటికీ తెలియదు.

తప్పు కొట్టువాడిదన్న జవాబుతో నాగమణి వచ్చింది. తప్పు రైతుదన్న జవాబు నేను ఆమె చేతిలో పెట్టబోయాను. అప్పటికి మా ఇద్దరి దగ్గరా ప్రశ్న లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు టాపిక్ తెచ్చినా జవాబు ముందే తెలుసా అని అడిగేదాన్ని. తెలుసంటే, ఇంకో పేజీ రాసుకురమ్మనేదాన్ని.