టర్కీలు వింటాయి

మా తాత హార్లన్ మాట్లాడడు. గుసగుసలాడతాడు. టర్కీ కోళ్ళ వేటకొచ్చిన వాళ్ళకు దారి చూపించడం ఆయన పని కాబట్టి, మాటులో కూర్చున్నప్పుడు గొంతు తగ్గించాడంటే అర్థముంది. ఈయన చర్చిలోనూ, దాణా కొట్టులోనూ, చివరికి పళ్ళ డాక్టరు కుర్చీలోనూ గుసగుసే.

"తాతా, మనం బ్యాంకులో ఉన్నాం."

"కిటికీ తెరిచుంది. టర్కీలు వింటాయి."

ఒకసారి కొట్టానికి నిప్పంటుకుంది. తాత వంటింట్లోకి పిల్లిలా వచ్చి, అమ్మమ్మ చెవి దగ్గర వంగి, "కొట్టం తగలబడుతోంది" అన్నాడు. "సరసాలు తర్వాత, ముందు బీన్స్ మాడుతున్నాయి" అంది అమ్మమ్మ. ఆ వాసన బీన్స్‌ది కాదని తెలిసేసరికి కొట్టం సగమే మిగిలింది.

పదో తరగతికీ నాకూ పడక, బడి మానేసి, లానో నది ఒడ్డున వీళ్ళింటికి నేను వచ్చేసరికే ఈ గుసగుసల చట్టం అమల్లో ఉంది. వసంతంలో టర్కీ పుంజుల కోసం, అడవి పందుల కోసం టెక్సస్ నలుమూలల నుంచి వచ్చే ఆసాములు మా గేటు దాటగానే గొంతు తగ్గించాలి. భోజనాల బల్ల దగ్గర "ఉప్పు ఇటివ్వండి" అన్నా దొంగలు కన్నానికి పథకం వేస్తున్నట్టే వినిపించేది. ఒక్క డార్లా పిన్ని మాత్రం చట్టానికి లొంగలేదు. ఆవిడ గుసగుస పక్క ఊరికి వినపడుతుంది.

ఆ ఆసాముల్లో వెండెల్ ఒకడు. లబక్‌లో నీళ్ళ మోటార్లు అమ్ముతాడు. ఏటా వస్తాడు, ఒక్క టర్కీనీ కొట్టడు. పిన్ని వడ్డిస్తున్నప్పుడు చూసే చూపులో సగం అడవి వైపు చూసినా ఈపాటికి అడవి ఖాళీ అయ్యేది.

ఒక ఏడు అతను వచ్చేసరికి పిన్ని పెట్టె సర్దుకుంటోంది. సోమవారం నుంచి ఎల్ పాసోలో బేకరీ ఉద్యోగం.

"వెండెల్ ఉండమని అడిగితే?" అన్నాను.

"అడిగితే కదా! నేనైతే అడగను. వెళ్ళి నీ పని చూసుకో."

శనివారం పొద్దున్నే వాన పట్టుకుంది. కాఫీ కోసం నేనూ వెండెలూ ఊళ్ళో పెట్రోలు బంకులోని కొట్టుకు వెళ్ళాం. "కా... కా..." దగ్గర అతని మాట ఇరుక్కుపోయింది. వెనక ఎవరో దగ్గారు. అతను ఎర్రబడి, వేలుతో చూపించి కొనుక్కున్నాడు.

బండెక్కాక, "చిన్నప్పటి నుంచీ నత్తి. మీ ఇంట్లో మాత్రం రాదు. ఈరోజు డార్లాని అడిగి తీరతాను" అన్నాడు గుసగుసగా, ఒక్క తడబాటు లేకుండా.

"మా బావి నీళ్ళు మంచివండీ" అన్నాను. మన చదువు అంతవరకే.

మధ్యాహ్నం తాత తన చెక్కపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత రాపాడిస్తే టర్కీ పెట్టలా కూసి పుంజుల్ని పిలిచే పెట్టె. పసిపిల్లలా గుడ్డలో చుట్టి దాచుకునేవాడు. అలాంటిది నీళ్ళోడుతోంది.

"తడిసింది. ఇక కూయదు, మూలుగుతుంది. డార్లా, నోటితో కూయడం వచ్చింది నీకొక్కదానికే. రా."

"నేను సర్దుకోవాలి నాన్నా!"

"వానకి పుంజులు చెట్లొదిలి బయలు నేలలోకొస్తాయి. ఒక్క గంట."

రేకు కప్పు మాటులో తాత, పిన్ని, వెండెల్, నేను, నలుగురం ఇరుక్కున్నాం. కప్పు మీద ఎవరో మేకుల బస్తాలు కుమ్మరిస్తున్నట్టుంది వాన. వెండెల్ పెదవులు కదిలాయి.

"ఏంటీ?" అంది పిన్ని.

మళ్ళీ కదిలాయి.

"గట్టిగా చెప్పు మహానుభావా!"

వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "డా... డా..."

తాత వెనక్కి తిరగకుండానే, "గుసగుసగా. టర్కీలు వింటాయి" అన్నాడు.

"ఈ వానలో టర్కీకి తన కూతే వినపడదు తాతా!" అన్నాను. తాత మోచేత్తో నా డొక్కలో ఒక్కటి పొడిచాడు.

పిన్ని విసుక్కుంటూ చెవి తీసుకెళ్ళి అతని నోటి దగ్గర పెట్టింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తూనే ఉన్నాడు. పిన్ని విసుగు ఎటో పోయింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా బయలు నేలలోకి, రొమ్ము మీది ఈకల గడ్డం నేలకు రాసుకునేంత పెద్ద పుంజొకటి వచ్చి నిలబడింది. దాని వెనకే బురద తవ్వుకుంటూ అడవి పందుల మంద. వేటగాడికి జన్మకోసారి దొరికే అదను. నేను వెండెల్ భుజం తట్టబోతే తాత నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు.

"పుంజు తాతా!"

"చూశాను. నోర్మూసుకో."

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళా? సరే! పెళ్ళికి సరే! ఎల్ పాసో వద్దూ ఏమీ వద్దు!" అని పిన్ని పెట్టిన కేకకు పుంజు ఎగిరి నది దాటింది. పందులు కంచె విరగ్గొట్టుకుని పోయాయి. వేట చెడితే మండిపడే తాత, టోపీలో ముఖం పెట్టుకుని చప్పుడు రాకుండా నవ్వుతున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే వసారా చూరు కింద, ధార సరిగ్గా పడేచోట, ఒక ముక్కాలి పీట. పీట మీద చెక్కపెట్టె మూత. పరుగెత్తి, తాతే కావాలని తడిపాడని అమ్మమ్మతో చెప్పాను.

"ఇప్పుడు తెలిసిందా? మీ తాత ఒకప్పుడు పశువుల సంతలో వేలం వేసేవాడే! ఆయన కేకేస్తే నది అవతల గిత్తలు తోకలెత్తేవి. వెండెల్ మొదటిసారి వచ్చిన రాత్రి బల్ల దగ్గర అందరూ అతని నత్తికి నవ్వారు. మర్నాడు మాటులో గుసగుసగా మాట్లాడితే నత్తి రాలేదట. ఆ సాయంత్రమే ఇంట్లో చట్టం పెట్టాడు."

"వెండెల్ వచ్చేది ఏడాదికో వారమేగా! మిగతా రోజులెందుకు?"

"ఆ వారమే అయితే అతని కోసమని తెలిసిపోదూ? ఆ గుట్టు కోసం నా కొట్టం కాల్చుకున్నాడు, పిచ్చి మారాజు."

పెళ్ళిలో పాదిరి గారు కూడా గుసగుసగానే చదివారు. వెండెల్ ప్రమాణం ఒక్క తడబాటు లేకుండా సాగింది. ముందు వరసకు తప్ప ఎవరికీ వినపడలేదు. పిన్నిది నది అవతలకీ వినపడింది.

"తాతా, అల్లుడైపోయాడుగా! ఇకనైనా గట్టిగా మాట్లాడొచ్చు" అన్నాను.

తాత నావైపు చూశాడు. తర్వాత చర్చి కిటికీ వైపు చూశాడు.

తెరిచే ఉంది.