పగిలిన ముఖం

కోసపాళయంలో ఉండే జయమ్మాళ్, ఫ్రెంచివాళ్ల కాలం నాటి వైట్ టౌన్ పేటలోని ఒక చిత్రశాలలో ఊడ్చే పని చేసేది. 2008లో సుధాకరన్ అనే కళాకారుడు, ఆమె తన చెల్లెలి చావు గురించి చెబుతుండగా వీడియో తీసి పెద్ద తెర మీద పెట్టాడు. చూసేవాళ్లు చూపు తిప్పితే పైనున్న కెమెరా కనిపెట్టి, తెర మీద ఆమె ముఖం ముక్కలై మాట ఆగిపోతుంది. సెల్‌ఫోన్ల వల్ల మనసు నిలవడం లేదని చూపించడానికట. జనం మాత్రం కావాలనే తలలు తిప్పుతూ, ముఖం పగిలినప్పుడల్లా పకపకా నవ్వారు. చివరిదాకా ఒక్కరూ వినలేదు. జయమ్మాళ్ చీపురుతోనే సుధాకరన్ దగ్గరికి వచ్చింది.

"ఏంది నాయనా ఇది? నా చెల్లి సావు వీళ్లకి ఆటా?"

"ఒక్క నిమిషం అక్కా," అన్నాడు సుధాకరన్, తలెత్తకుండా మెసేజ్ కొడుతూ.

ఆమె గోడ దగ్గరికి వెళ్లి తెర కరెంటు తీగ పీకేసింది.

"థూ! నా చెల్లి మాట మీకు చెప్పిందే నా తప్పు."

చీపురు అక్కడే పడేసి వెళ్లిపోయింది. మళ్లీ ఆ వీధి తొక్కలేదు.