టీచరు గారు ఆపేసిన సినిమా

మా ఎదురింటి టీచరు గారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చుని అలాగే వెళ్లిపోయారట. పోయిన ఆదివారం నరసాపురంలో మా చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. సంఘపెద్ద ఒకాయన మైకు పట్టుకుని, "నోట్లో నాలుక లేని మనిషండి, ఎవర్నీ పల్లెత్తు మాట అనెరగరు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ నోటికి జడిసి పక్క సందులోంచి వెళ్లిన మగవాళ్లలో ఈయనా ఒకరు. పోయినావిడ ఎదురు చెప్పలేరు కదా, ఎలా కావాలంటే అలా పొగడచ్చు.

ఆవిడ ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆరాధన అయ్యాక మా వీధి ఆడవాళ్లం లేసులు పట్టుకుని ఆవిడ వరండాలో చేరేవాళ్లం. మేం అల్లుకుంటుంటే టీవీలో పాత ఇంగ్లీషు సినిమాలు పెట్టి, మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పేవారు. చెప్పేదాంట్లో సగం తిట్లే. "తలుపు తియ్యకే తల్లీ, తీస్తే చస్తావే" అని హీరోయిన్ని కూడా కేకలేసేవారు. మాకు సినిమా కన్నా ఆ కేకలే ఇష్టం.

ఒకసారి నలుపు తెలుపు సినిమా ఒకటి పెట్టారు. అందులో మొగుడు గడియారం ముల్లు తనే తిప్పేసి, నీకు వేళ కూడా తెలియట్లేదని పెళ్లాన్ని నమ్మిస్తుంటాడు. ఆమెకు పిచ్చని ఊరంతా నమ్మాక చంపేసినా అడిగేవాళ్లుండరని వాడి ధీమా. అక్కడ మార్త చేతిలో సూది ఆగిపోయింది. మార్తది మా వెనక సందు.

"నా లేసూ ఇంతేనండి టీచరు గారూ. సాయంత్రం జానెడు అల్లి పెడతాను, పొద్దున్న చూస్తే బెత్తెడే ఉంటుంది. నువ్వు అల్లితే కదా అంటారాయన. నాకు నిజంగానే మతి పోతోందండి" అంది.

మార్త మొగుడు అప్పటికే వీధంతా చెప్పేశాడు, ఆమెకు పిచ్చని. మొగల్తూరు అవతల స్వస్థత ప్రార్థనలు చేసేచోట వదిలేయడానికి ఏర్పాటు కూడా చేసుకున్నాడు. అక్కడ వదిలేసినవాళ్లను తిరిగి తెచ్చుకున్నవాళ్లు మాకు తెలిసి లేరు.

టీచరు గారు సినిమా కట్టేశారు. లేసు పని మధ్యలో ఆపేటప్పుడు మేం ముడి వెయ్యం, మర్నాడు మళ్లీ అక్కడే అందుకోవాలి కనక. కొస పట్టుకుని లాగితే వరసలు వరసలుగా ఊడొచ్చేస్తుంది. "ఇవాళ గట్టిగా ముడేసి పడుకోవే. ముడి లాగితే రాదు, కొయ్యాలి" అన్నారు.

పొద్దున్నే మార్త పరిగెత్తుకొచ్చింది. లేసు అంచు కత్తెరతో కోసి ఉంది. "నాకు పిచ్చి లేదండీ" అంటూ ఆ ముక్క పట్టుకుని ఏడ్చింది, నవ్వింది.

సంగతి పెద్దల దగ్గరికి వెళ్లింది. "సంసారమన్నాక ఉంటాయండి. మీరే సినిమాలు చూపించి ఆడవాళ్లకి అనుమానాలు నూరిపోస్తున్నారు" అన్నది ఎవరనుకున్నారు? ఈ మైకు పెద్దమనిషే. టీచరు గారు లేచి నిలబడ్డారు.

"సినిమాలో మొగుడు దుర్మార్గుడని అయిదు నిమిషాల్లో కనిపెడతారు కదండీ. మన వీధిలోవాడైతే మాత్రం కళ్లు కనపడవా?"

ఇప్పుడు పూలదండలు వేసినవాళ్లే అప్పుడు నేలచూపులు చూసింది.

ఆ రోజే టీచరు గారు మార్తను రేవుకి తీసుకెళ్లారు. గోదావరి అవతలే ఆమె అన్నయ్య ఉండేది. సంచి పట్టుకుని నేనూ వెళ్లాను. రేవు దాటించే పంటు కదలబోతుంటే మొగుడు వచ్చిపడ్డాడు. "పిచ్చిదండి బాబూ, నీళ్లలో దూకేస్తుంది, దింపెయ్యండి!" అని రేవంతా వినేలా అరిచాడు. జనం మార్త నుంచి పక్కకి జరిగారు. పంటు నడిపేవాళ్లు కూడా తటపటాయించారు.

టీచరు గారు ఒడ్డున వాడికి అడ్డంగా నిలబడ్డారు. "పిచ్చీ లేదు, ఏమీ లేదు. అది నా పిల్ల. మీరు పోనివ్వండి నాయనా" అని పంటు వాళ్లకు చెప్పారు.

పంటు కదిలింది. వాడు వెనక నిలబడి నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాడు. ఆవిడ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. చీరకొంగు నడుముకి బిగించి, చేతులు రెండూ బారచాపి, అవతలి గట్టు మీద మార్త చిన్నదైపోయి కనపడకుండా పోయేదాకా ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో అలాగే నిలబడ్డారు.