దానియేలన్న చివరి బాక్సులు, లేబుల్ గీకేసిన రంగు డబ్బాలు

నిన్న పదకొండింటికి ఫోన్.

"దానియేలన్న పడిపోయిండు. దవాఖానకు రా, జల్ది."

నేను బుద్వేల్‌లో బాక్సులు దించుతున్నాను. బండి అక్కడే వదిలేసి వచ్చాను. అప్పటికే అన్న లేడు.

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడం లేదు.

పోయాడన్నది కాదు. ఎలా పోయాడని చెబుతున్నారో, అది.

"హార్ట్ ఎటాక్" అంటున్నాడు మా ఓనర్. డాక్టర్ కంటే ముందు ఆయనే అన్నాడు.

తెలియని వాళ్లకు చెబుతున్నాను. దానియేలన్నది రావిర్యాల. శంషాబాద్‌లో మా షెడ్డులో స్పీకర్ బాక్సులు చేసే మేస్త్రీ. ప్లైవుడ్ కోసి, బిగించి, రంగు వేసేవాడు. బరాత్‌లోనో చర్చి మీటింగులోనో మీ ఛాతీ అదిరిందంటే, ఆ బాక్సు అన్న చేతిదే అయి ఉండవచ్చు. నాకు పని నేర్పింది ఆయన. మిగతాది ఫోన్లో చూసి నేర్చుకున్నాను.

అన్నకు సౌండ్ కంటే రంగు మీద పట్టింపు ఎక్కువ.

"సౌండ్ తర్వాత వింటరు. రంగు ముందుగాల కండ్లల్ల పడ్తది. మూలలు గీక్కపోయిన బాక్సును ఎవడు కిరాయికి తీస్కుంటడ్రా?"

ఏ కొత్త రంగు వచ్చినా అరచేతి అంత చెక్క మీద వేసేవాడు. ఆరాక బండి తాళంతో గీకేవాడు. వేడి చాయ్ పోసేవాడు. ట్రాలీ తాడుతో రుద్దేవాడు. ఒకసారి రంగులమ్మే అతను "ఆరిపోయింది, గ్యారంటీ" అంటే, పెద్ద చెక్క మీద పూసిన ఆ రంగు మీదే కూర్చుని లేచాడు.

ప్యాంటు నల్లగా అయింది.

"నీ గ్యారంటీ నాకంటింది, జూడు."

ఇంకో అలవాటు ఉండేది. బాక్సు లోపల రంగు ఆరిందో లేదో ముక్కుతో చూసేవాడు. స్పీకర్ బిగించే గుండ్రటి కంతలో తల మొత్తం దూర్చి, గట్టిగా పీల్చేవాడు. వాసన ఉంటే స్పీకర్ బిగించనిచ్చేవాడు కాదు. ఆ ఆవిరికి లోపలి జిగురు మెత్తబడుతుందని. ఎనామిల్ రంగుతో పదిహేనేళ్లు అలాగే చేశాడు. ఏమీ కాలేదు.

కానీ ఎనామిల్ తాళ్లకు రాలిపోతుంది. పోయిన వినాయక చవితి వానలకు ఆరు బాక్సులు పెచ్చులూడి తిరిగి వచ్చాయి. అన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు నేనే చెప్పాను. గట్టిపడే మందు కలిపి స్ప్రే చేసే రంగు ఒకటి ఉంది, రాయిలా అవుతుందని. ఫోన్లో వీడియో చూపించాను.

ఓనర్ తెచ్చాడు. డబ్బాల మీద లేబుల్ లేదు. గీకేసి ఉంది.

అడిగితే, "గోదాంల మిగిలిన స్టాక్. రంగు రంగే గదా, నీకెందుకు?" అన్నాడు.

నాకెందుకో ఇప్పుడు చెబుతాను.

ఆ రంగు అన్న పెట్టిన పరీక్షలన్నీ పాసయింది. తాళం గీకినా గీత పడలేదు. అన్న మురిసిపోయి ఆ చెక్కను షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు.

దగ్గు మొదలైంది కూడా ఆ వారమే.

సోమవారం దగ్గు. శనివారానికి ఛాతీలో పిల్లికూతలు. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాటలు. సోమవారం మళ్లీ దగ్గు. ఇంట్లో తగ్గి షెడ్డులో వచ్చే జబ్బు ఏం జబ్బు?

"దుమ్మురా" అన్నాడు.

ఆ వీడియోలో రంగు కొట్టేవాళ్లు ముఖం నిండా మాస్కులు పెట్టుకున్నారు. ఒక్కసారి చెప్పాను. "గదేంది, ఏనుగు మొకం లెక్క" అని నవ్వి, ముక్కుకు దస్తీ గుడ్డ కట్టుకున్నాడు. నేనూ నవ్వాను. మళ్లీ చెప్పలేదు.

అది నా తప్పు. అందరి ముందూ రాస్తున్నాను.

నిన్న పొద్దున ఎయిర్‌పోర్ట్ రోడ్డు దుమ్ము అంటకుండా షట్టర్ దించుకుని స్ప్రే చేశాడట. తర్వాత ఎప్పటిలాగే కంతలో తల పెట్టి పీల్చాడట. ఊపిరి ఆడక బయటికి పాకుతూ వచ్చాడని పక్కనున్న టైర్ల షాపు అన్న చెప్పాడు.

గుండెపోటు అలా వస్తుందా? నాకు తెలియదు. ఓనర్‌కు ఎలా తెలుసు?

దవాఖానలో డాక్టర్ కాగితం రాస్తూ అడిగారు, "ఏం పని చేసేవారు?"

అన్న భార్య మార్త వదిన నోరు తెరిచేలోపే ఓనర్ అందుకున్నాడు. "కార్పెంటర్ సార్. సిగరెట్లు బాగ తాగుతుండె."

అన్న జన్మలో సిగరెట్ ముట్టలేదు. రంగు అనే మాట ఓనర్ నోట రాలేదు. నా నోట కూడా రాలేదు.

సాయంత్రం షెడ్డుకు వెళ్లాను. నేల కడిగి ఉంది. లేబుల్ లేని డబ్బాలు ఒక్కటీ లేవు. అన్న చెప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చనిపోయిన మనిషి చెప్పులు వదిలేసి డబ్బాలు ఎందుకు సర్దారు?

అందరికంటే పెద్ద పూలదండ కూడా ఓనర్‌దే. ఆ దండ సైజు చూసినా నాకు అనుమానమే.

ఈ రోజు పొద్దున వదినకు అంతా చెప్పాను. రంగు చూపించింది నేనే అని కూడా. చెంప మీద కొడుతుందనుకున్నాను.

"నాకు జెప్తే ఏమొస్తది? డాక్టర్‌కు జెప్పు. నడువు" అంది.

మధ్యాహ్నం జరగాల్సిన సమాధి ఆపించింది. బంధువులు గొడవ చేశారు. వినలేదు.

డాక్టర్ అంతా విన్నారు. కార్పెంటర్ అన్న మాట పక్కన స్ప్రే పెయింటింగ్ అని రాశారు. పోలీసులకు చెప్పి పోస్ట్‌మార్టం చేయించాలన్నారు. వదిన సంతకం పెట్టింది.

"గుండె కావచ్చు, రంగు కావచ్చు. చూడకుండా చెప్పలేను" అన్నారు డాక్టర్. నిన్నటి నుంచి నాతో తిన్నగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

రంగే అని తేలితే ఓనర్ పేరుతో పాటు నా పేరూ చెబుతాను.

షెడ్లలో బాక్సులకు రంగు కొట్టే అన్నలూ తమ్ముళ్లూ, లేబుల్ లేని డబ్బా మూత తీయకండి. కంతలో తల పెట్టకండి. దస్తీ మాస్కు కాదు.

ఇది రాస్తుంటే ఓనర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పోస్ట్ తీయను.

దానియేలన్నా, సెలవు.

నువ్వు వెళ్లిన చోట నీ ఛాతీకి ఏ బరువూ లేకుండా, దేవుడు నిన్ను హాయిగా పడుకోనివ్వాలి.