నెల్ ఎక్కని బండి

బూట్లు కొనాలన్నా సరే, దుకాణం బయటి బురదలో నాలుగడుగులు వేసి చూశాకే కొనే మనిషి మెరెరిద్. ఆమె లోపలికి రాగానే దుకాణం వాళ్లు నిట్టూరుస్తారు. నిట్టూర్చనీ! వేల్స్ కొండ మీద ఇన్నేళ్లు ఒంటిచేత్తో గొర్రెల మందను నెట్టుకొచ్చిందంటే ఆ చాదస్తం చలవే.

అలాంటి మనిషికి మోకాలు ఎదురు తిరిగింది. శరదృతువులో ఇరుగుపొరుగు రైతులంతా ఒక్కరోజే కొండెక్కి, వరసగా పరుచుకుని, అందరి గొర్రెలనీ కిందికి దించుతారు. ఎర్రగట్టు వైపు కాయడం మెరెరిద్ వంతు. కిందటేడు సగం గట్టులో మోకాలు మడత పడింది. ఆ సందులోంచి గొర్రెలన్నీ అవతలి లోయలోకి జారుకున్నాయి. అందరి కష్టమూ గంగలో కలిసింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది! ఆ మౌనం ఆమెను ఏడాది పొడుగునా తినేసింది.

"వచ్చేసారి గట్టు ఎక్కలేకపోతే మందను అమ్మేస్తా" అని అందరి ముందూ అనేసింది కూడా. కంచె లేని కొండ మీద తమ హద్దు తాము తెలుసుకుని మేసే గొర్రెలవి. ఆ హద్దు తల్లి నుంచి పిల్లకు వస్తుంది. ఒకసారి అమ్మితే అలాంటి మందను మళ్లీ కొనుక్కోలేం.

ఇప్పుడు ఆ రోజు వారంలోకి వచ్చేసింది. కొండలెక్కే నాలుగు చక్రాల క్వాడ్ బైకు ఉంటే మోకాలితో పనిలేదు గానీ, కొత్తది కొనే స్తోమత లేదు. తనతో బడిలో చదువుకున్న ఇద్వాల్ తన పాత బండి అమ్ముతున్నాడని విని, కుక్క మోట్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే అతని పెరట్లో దిగింది.

దిగగానే పలకరింపుకు ముందే ఇంజను మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఇప్పుడే మేత వేసొచ్చాలే" అన్నాడు ఇద్వాల్, ఎటో చూస్తూ.

మెరెరిద్ చెయ్యి తీసేసింది. "టీ అయినా పోస్తావా, గుమ్మంలోంచే సాగనంపుతావా?" అంది. ఆ ఊళ్లో ఇంటికొచ్చిన మనిషి కప్పు ముట్టుకుంటే, తాగడం అయ్యేదాకా లేవమని ఎవరూ అనరు. ఆమెకు కావలసిందీ అదే. ఒక కప్పయింది. ఎండుద్రాక్షల రొట్టె మీద వెన్న రాసుకుని, గోడకు సున్నం వేసినంత నిదానంగా తింది. ఇంకో కప్పు అడిగింది. మళ్లీ అడిగింది.

"ఏమే, నువ్వు తాగేది టీయా, చెరువా?" అన్నాడు ఇద్వాల్.

"నీ ఇంజను చల్లారేదాకా తాగుతాను. వేడెక్కించి చూపిస్తే నమ్మడానికి నేనేం నిన్న పుట్టానా?"

అతని మొహం జేవురించింది.

బయటికొచ్చి చల్లారిన బండిని స్టార్ట్ చేసింది. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. పొగ కాస్త వచ్చి ఆగిపోయింది. ఇంజనులో నూనె కొలిచే పుల్ల తీసి చూసింది. నల్లగా ఉందే తప్ప నీళ్లు కలిసిన తెలుపు లేదు. ముందు చక్రాన్ని పట్టుకుని ఊపితే టకటకమంది. "బేరింగు పోయింది." చక్రాలు తిన్నగా ఉన్నా హ్యాండిల్ ఓ పక్కకు చూస్తోంది. ఒకవైపు మడ్‌గార్డు మాత్రం కొత్తది.

మోట్ టక్కున వెనక క్యారియరు ఎక్కి దర్జాగా కూర్చుంది. ఇద్వాల్ కుక్క నెల్ మాత్రం గోడవారన నక్కి వణుకుతోంది. ఆ కొండల్లో క్వాడ్ కనబడితే ఎక్కని గొర్రెల కుక్క ఉంటుందా!

మెరెరిద్ గొంతు మారింది. "ఇద్వాల్, ఇది ఎప్పుడు బోల్తా పడింది?"

అతను చాలాసేపు బూటుతో మట్టిని తన్నాడు. "చలికాలంలో. తడి వాలు మీద. నా కాలు, నెల్ రెండూ దాని కిందే. పొద్దు వాలేదాకా అలాగే ఉండిపోయాం. ఎవరికీ చెప్పలేదు. ఎక్కాలంటే చేతులు వణుకుతున్నాయే. నడుం నొప్పని ఈసారి కొండకు రానని చెప్పేశా." తలెత్తాడు. "నీకు అంటగట్టబోయాను, చూడు. సిగ్గుగా ఉంది. కొనకు."

"కొనాలో వద్దో నేను చెబుతాను. గడ్డిమోపుల తాడు తే."

ఆ నారింజ రంగు తాడు లేని జేబు ఆ ఊళ్లో లేదు. వెనక ఎడమ బోల్టు నుంచి ముందు కుడి బోల్టుకు తాడు లాగి, ముడి వేసి గుర్తు పెట్టింది. తర్వాత అదే తాడును వెనక కుడి బోల్టు నుంచి ముందు ఎడమ బోల్టుకు లాగింది. ఇద్వాల్ ఊపిరి బిగబట్టి రెండో కొస పట్టుకున్నాడు. ముడి సరిగ్గా బోల్టు మీదికే వచ్చింది.

"రెండు కొలతలూ ఒకటే, బండి చట్రం వంకర పోలేదురా! వంగింది హ్యాండిల్ కాడే. అదీ, బేరింగూ మారిస్తే చాలు. కొంటున్నాను."

ఆనందం ఆపుకోలేక గేరు వేసి, పెరట్లో నడక వేగంతో తిరిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. నెల్ తల ఎత్తింది. మెరెరిద్ పిలవలేదు, ఆగి ఊరికే కూర్చుంది. నెల్ పాక్కుంటూ వచ్చి టైరు వాసన చూసింది, మోట్ వాసన చూసింది. వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి ఒక్క గెంతులో మోట్ పక్కకు ఎక్కేసింది.

ఇద్వాల్ చేతిరుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు.

"గొర్రెలను దించే రోజు నీ కుక్కను పంపించు, ఎర్రగట్టు మీద నాకు పనికొస్తుంది" అంది మెరెరిద్.

"కుక్కనొక్కదాన్నీ ఎందుకు పంపిస్తాను?" అన్నాడు ఇద్వాల్. "గట్టు కింద నడిచి కాసేవాడు కావాలిగా. నేనూ వస్తా."