తివాచీ అత్త ఎత్తిన మూల

మా మేనత్త ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇళ్ళలో తివాచీలు పరుస్తోంది. అందుకే మా ఇంట్లో అందరికీ ఆవిడ తివాచీ అత్తే. తన పనికి వంక పెడితే ఆవిడకి ఎక్కడలేని కోపం వస్తుంది. ఒకసారి ఎవరో ఇంటావిడ గుమ్మం దగ్గర అతుకు కనబడుతోందని అందట. అత్త ఆవిడ చేతికి భూతద్దం ఇచ్చి, ఎక్కడో చూపించమని మధ్యాహ్నం దాకా అక్కడే బైఠాయించిందట. అతుకు దొరకలేదట. ఈ కథ ఆవిడే చెబుతుంది, ఏడాదికి నాలుగైదుసార్లు.

మా ముందుగదిలో తివాచీ కూడా అత్త పరిచిందే. మేం మొదటి అంతస్తులో ఈ ఇల్లు కొన్నప్పుడు తమ్ముడికి కానుకగా గోడ నుంచి గోడకి పరిచి ఇచ్చింది. కాలు పెడితే మడమ దాకా దిగబడేంత మెత్తన. వచ్చినవాళ్ళందరూ చెప్పులు విప్పి మరీ మెచ్చుకునేవారు. ఆ గదిలోనే నాన్న స్పీకర్లు రెండు, ఒక్కోటి నా ఛాతీ ఎత్తున, గోడవారగా నేలమీద నిలబడి ఉంటాయి. నాన్న పాటంటే చెవి కోసుకునే రకం.

నాలుగు నెలల కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తొందరగానే దారికి వచ్చాయి, మాటే రాలేదు. అన్నీ అర్థమవుతాయి, జవాబు నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది. మాట నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ ఒక సంగతి కనిపెట్టింది. పాటతో గొంతు కలిపితే నాన్న నోట మాటలు వస్తున్నాయి. రోజూ మధ్యాహ్నం గంటసేపు పాడించండి, ఆ దారినే మామూలు మాటా రావచ్చు అంది. ఫోన్‌లో పెడితే ఆయన పెదవి కదపలేదు. ఆ పెద్ద స్పీకర్లలోంచి గంభీరంగా గొంతు వినిపిస్తేనే తనూ అందుకునేవాడు.

గొడవల్లా స్పీకర్లతోనే వచ్చింది. అవి ఆ మెత్తలో ఎప్పుడూ కాస్త ముందుకు వాలి ఊగుతూ ఉండేవి. ఒకరోజు అమ్మ వాక్యూమ్ క్లీనర్ తోస్తుంటే తగిలి, ఒకటి నాన్న కుర్చీకి జానెడు దూరంలో పడింది. పైగా కింది అంతస్తులో ఉండే నర్సుకి రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. పైకప్పు ఝుమ్మంటోందని పాపం మర్యాదగానే చెప్పి వెళ్ళింది. దాంతో అమ్మ పట్టుబట్టేసింది. శనివారం మా మావయ్య వ్యాను తెచ్చి రెండూ పట్టుకుపోవాలి. పాట సంగతేమిటని అడిగితే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను ఊరుకోకుండా సొంత తెలివి ఉపయోగించాను. షాపువాడి మాట విని స్పీకర్ల అడుగున ఇనుప మేకులు బిగించాను. అవి తివాచీని చీల్చుకుని కింద చెక్కనేలకి తగిలాయి. ఊగడం తగ్గినా వాలడం తగ్గలేదు. కింద నర్సుకి మాత్రం మోత రెట్టింపయింది. దీనికి ప్రత్యేకంగా పీటలు అమ్ముతారట, ధర విని మర్యాదగా ఫోన్ పెట్టేశాను. ఇక గతిలేక గురువారం అత్తని పిలిచాను.

అత్త వాలు చూసే రసమట్టం చంకన పెట్టుకుని వచ్చింది. స్పీకర్‌ని ఒక్క వేలితో తోసి చూసింది, వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది, పట్టకారుతో గోడ మూల తివాచీ అంచు పైకెత్తింది. నేనూ వంగి చూశాను. గోడ వెంబడి సన్నటి చెక్కపట్టీ, దాని నిండా తివాచీని పట్టి ఉంచే చిన్న మేకులు. పట్టీ పక్కనుంచి తివాచీ కింద పరిచే మెత్త మొదలవుతుంది, అదీ రెండు పొరలు. స్పీకర్ వెనక కాళ్ళు గట్టి చెక్క మీద, ముందు కాళ్ళు ఆ రెండు పొరల మెత్తలో. ఎవరు పెట్టినా అది ముందుకే వాలుతుంది.

“రెండు పొరలు వేస్తారా అత్తా?” అన్నాను. మామూలుగా ఒకటే వేస్తారని నాకూ తెలుసు. అత్త అంచు కిందికి దించి, అరచేత్తో రెండుసార్లు అదిమి, కారు తియ్యమంది.

వంటగట్లకి రాళ్ళు కోసే షెడ్డుకి తీసుకెళ్ళింది. గట్టులో సింకు పట్టడానికి మధ్యలో కోసి తీసేసిన ముక్కలు అక్కడ గోడకి ఆనించి ఉంటాయి, పనికిరానివి. అత్త అందులో సమానమైనవి రెండు ఏరింది. షెడ్డాయన వాటి అంచులు అరగదీసి ఊరికే ఇచ్చాడు. మెట్లెక్కించేసరికి నా తలప్రాణం తోకకి వచ్చింది.

ఇంటికి రాగానే నా మేకులు ఊడబీకించింది. రాయి గరుకువైపు కిందికి, నున్నటివైపు పైకి ఉండేలా, చెక్కపట్టీకి బాగా ఇవతలగా, పూర్తిగా మెత్తమీదే పరిచింది. రాయికీ స్పీకరుకీ మధ్య, వాషింగ్ మెషిన్ కింద పెట్టే రబ్బరు బిళ్ళలు నాలుగేసి పెట్టింది.

“నువ్వు మేకులు దించి చప్పుడు కిందికి పోవడానికి దారి వేశావే పిల్లా,” అంది. “ఇప్పుడు బరువంతా రాయిమీద ఉంటుంది. వెడల్పు కాబట్టి ఊగదు. ఇక ఆ అదురంటావా, సగం రబ్బరు మింగుతుంది, మిగతాది మెత్త మింగుతుంది.”

రాళ్ళని ఒక రాత్రి బరువుకి దిగనివ్వాలంది. శుక్రవారం వచ్చి రసమట్టం పెట్టి చూస్తే, ఒక రాయి ఓ పక్కకి అట్టముక్క మందాన దిగి ఉంది. దానికింద పల్చటి చెక్కపేడు దోపింది. నాన్న కుర్చీలోంచి కన్నార్పకుండా చూస్తున్నాడు.

మధ్యాహ్నం పాట పెట్టాం. ఎప్పటి పాటే, ఎప్పటంత గట్టిగానే. నాన్న రెండో చరణంలో గొంతు కలిపాడు. నేను గబగబా కిందికి వెళ్ళి నర్సు తలుపు బెల్లు కొట్టాను. ఆవిడ చెదిరిన జుట్టుతో వచ్చింది. పైనుంచి ఏమైనా వినిపిస్తోందా అని అడిగితే, మీరు బెల్లు కొట్టేదాకా హాయిగా నిద్రపోతున్నానంది. నాలుక కరుచుకుని పైకి వచ్చేశాను.

పైన అమ్మ భుజంతో స్పీకర్‌ని తోసి చూస్తోంది. కదల్లేదు. రెండోదాన్నీ తోసింది. తర్వాత మావయ్యకి ఫోన్ చేసి, వ్యాను అక్కర్లేదని చెప్పేసింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

“ఇంతేనా వదినా,” అంది అమ్మ నవ్వుతూ. “ఈయనే మొదటినుంచీ వంకరగా పెట్టి ఉంటారు. ఏ పనీ కుదురుగా చేస్తేగా.”

అమ్మ మనసులో ఏమీ లేదు. కానీ నాన్న తల దించుకుని తన చేతులకేసి చూసుకున్నాడు. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఇదే తంతు. గ్లాసు పగిలినా, తాళంచెవి కనబడకపోయినా నేరం ఆయన మీదికి పోతోంది, కాదనడానికి ఆయనకి నోరు లేదు గనక. నేనూ అన్నాను అలా, ఎన్నోసార్లు. సిగ్గేసింది.

అత్త అప్పటికే సామాన్ల సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి సంచీ దించి, నాన్న కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“వాడు సరిగ్గానే పెట్టాడమ్మాయ్,” అంది అమ్మతో, నాన్నకేసే చూస్తూ. “నా తమ్ముడి ఇల్లు అందరికంటే మెత్తగా ఉండాలని నేనే రెండు పొరలు వేశాను. అలా వెయ్యకూడదని నాకు తెలుసు. నిన్న అంచు ఎత్తగానే కనబడింది, చెప్పడానికి నామోషీ అనిపించి ఊరుకున్నాను. తప్పు నాదేరా తమ్ముడూ.”

పాట అప్పటికే అయిపోయింది. నాన్న పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

“తెలుసక్కా,” అన్నాడు.

అమ్మ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. జీవితంలో ఎవరి చేతా తప్పు పట్టించుకోని మా అత్త ఆయన రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

“మళ్ళీ అనరా,” అంది.

నాన్న మళ్ళీ అన్నాడు.